దారి వేశాక మొదలయ్యే పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో దూరపు హైకింగ్ ట్రెయిల్స్ గురించి, అంటే ఒక పూటలో ముగిసే నడకలు కాకుండా రోజుల తరబడి, వారాల తరబడి సాగే కాలిబాటల గురించి నాలుగు ముక్కలు రాశాను. నడవాలనుకునేవాళ్ళు రాస్తారేమో అనుకుంటే, అలాంటి దారి మేమే వేస్తాం అనేవాళ్ళు ఎక్కువ రాశారు. సంతోషమే, కాస్త కంగారు కూడా. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాళ్ళకే ఇచ్చేశాను. పేర్లు తీసేశాను, నలుగురు అడిగిన ప్రశ్నను ఒకటిగా కలిపాను, రెండు పేజీల ఉత్తరాలను రెండు వాక్యాలు చేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేము పన్నెండు మందిమి. కొండలు, అడవి, పల్లెలు కలుపుతూ మ్యాప్ మీద దాదాపు 300 కిలోమీటర్ల గీత గీశాం. పేరు పెట్టాం, లోగో కూడా అయిపోయింది. ఇక ఎక్కడ మొదలుపెట్టాలి?

లోగో కూడా అయిపోయిందంటే ఒక పెద్ద గండం గట్టెక్కినట్టే, లోగో రంగు దగ్గర మాటలు మానేసిన బృందం ఒకటి నాకు తెలుసు. ఇక ఆ మ్యాప్ మడిచి సంచిలో పెట్టుకుని నడవండి. 300 కిలోమీటర్లూ ఒకేసారి అక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా, ఇద్దరిద్దరు చొప్పున. వానలప్పుడు ఒకసారి, ఎండలు ముదిరాక ఇంకోసారి. మ్యాప్‌లో నీలం గీతగా కనిపించిన వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండకపోవచ్చు, పచ్చగా చదునుగా కనిపించిన చోట మోకాలి లోతు బురద ఉండొచ్చు. దారిలో ఎదురైన పశువుల కాపరులను ఆపి అడగండి, వెనకటికి అవతలి ఊరికి ఎటు నుంచి నడిచేవాళ్ళని. చాలాచోట్ల మీకు కావలసిన దారి ముళ్ళకంపల కింద అప్పటికే ఉంటుంది. దక్షిణ కొరియాలో జేజు ద్వీపం చుట్టూ 2007లో మొదలైన ఒల్లే బాటలు చాలావరకు అలా వచ్చినవే. ఒక మాజీ పాత్రికేయురాలు పూనుకుని, మరుగునపడ్డ పాత దారులను వెతికించి, ఒకదానికొకటి కలిపించారు, ఇప్పుడవి 437 కిలోమీటర్లు.

టైమ్ సంగతి కూడా ముందే మాట్లాడుకుందాం. అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ ఆలోచనను బెంటన్ మెకై 1921లో ఒక వ్యాసంగా రాశారు, జార్జియా రాష్ట్రం నుంచి మెయిన్ రాష్ట్రం దాకా దారి కలిసింది 1937లో. ఇంగ్లండ్‌లో పెన్నైన్ వే కావాలని టామ్ స్టీఫెన్సన్ 1935లో రాస్తే అది తెరుచుకున్నది 1965లో, లెక్క పెట్టుకోండి, ముప్పై ఏళ్ళు. న్యూజిలాండ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా సుమారు 3,000 కిలోమీటర్లు సాగే తె అరారోవాకు జెఫ్ చాపుల్ 1994లో పిలుపునిస్తే 2011లో ప్రారంభమైంది. మూడూ పత్రికల్లో పడ్డ వ్యాసాలతోనే మొదలయ్యాయి (పత్రికల్లో రాసుకునేవాణ్ణి, ఈ మాట చెప్పకుండా ఉండలేను).

కాబట్టి ప్రస్తుతానికి ఒక్క ముక్క ఎంచుకోండి. పన్నెండు, పదిహేను కిలోమీటర్లు, రెండు చివర్లకూ బస్సు ఉండాలి, తాగే నీళ్ళు దొరకాలి, భూమి యజమానులు ఒకరో ఇద్దరో ఉండాలి. దాన్ని గుర్తులతో సహా పూర్తి చెయ్యండి. రెండో ముక్కకు వెళ్ళే ముందు ఒక కాగితం తీసి, ఈ మొదటి ముక్కలో నాలుగో ఏడు కంప కొట్టడానికి ఎవరు వస్తారు అని రాయండి, దాని పక్కన ఒక మనిషి పేరు రాయండి. పేరు రాయలేకపోతే రెండో ముక్క జోలికి పోకండి. నేను గట్టిగా పట్టుకుని వేలాడే సూత్రం ఇదొక్కటే. అపలాచియన్ ట్రెయిల్ 1937లో పూర్తయిందన్నానా, మరుసటి ఏడే పెద్ద తుఫాను వచ్చి ఉత్తరాన చాలా భాగం చెట్లు కూలి మూసుకుపోయింది, ఆ తర్వాత యుద్ధం, బాగుచేసే చేతులు లేవు. 1948లో మొదటిసారి ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే విడతలో నడిచిన ఎర్ల్ షాఫర్ చాలాచోట్ల దారి వెతుక్కుంటూ నడవాల్సి వచ్చింది. మళ్ళీ మొత్తం కలిసింది 1951లో. పూర్తి చెయ్యడానికి పదహారేళ్ళు పట్టిన దారి చెయ్యి తీసేసరికి అలా అయిపోయింది.

ప్రశ్న: మా దారిలో సగం ప్రైవేటు పొలాలు, తోటల మీదుగా పోతుంది. యజమానులను ఎలా అడగాలి? ఒకాయన మా మాట పూర్తికాకముందే వెళ్ళిపొమ్మన్నాడు.

అలా కసిరాడంటే ఆయన దగ్గర ఏదో పాత కథ ఉందన్నమాట. ముందు అది వినాలి.

మేం పనిచేసిన ఒక ముక్కలో ఒక పెద్దాయన మూడుసార్లు కుదరదన్నాడు. నాలుగోసారి మేం అనుమతి ఊసే ఎత్తకుండా కూర్చున్నాం. అప్పుడు బయటపడింది, చాలా ఏళ్ళ కిందట ఎవరో నడుచుకుంటూ వచ్చి గేటు తీసి వెయ్యకుండా పోతే పశువులు పక్కవాళ్ళ చేలో పడ్డాయట, ఆ తగాదా ఇంకా చల్లారలేదట. అంటే ఆయన కోపం నడిచేవాళ్ళ మీద కంటే ఆ గేటు మీద. మరుసటి వారం మేం వెళ్ళి గేటుకూ స్తంభానికీ మధ్య ఒక గొలుసు కట్టి, గొలుసు నడిమికి బరువైన ఇనపముక్క వేలాడదీశాం. తోస్తే తెరుచుకుంటుంది, వదిలేస్తే ఆ బరువు లాగి దానంతటదే మూసుకుంటుంది. పెద్దాయన నాలుగైదుసార్లు తానే తీసి వదిలాడు, టప్పుమని పడుతుంటే వింటూ నిలబడ్డాడు, ఆ తర్వాత ఇంతకీ దారి ఎటు నుంచి కావాలి అన్నాడు. అడిగి, మేం గీసిన గీత తప్పని, వానాకాలం అక్కడ నీళ్ళు నిలుస్తాయని, గట్టు మీదుగా పొమ్మని దిద్దాడు. ఆయన చెప్పిందే కరెక్టు.

అందరి దగ్గరా ఇంత నాటకీయంగా జరగదు లెండి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు ఆ ఊరివాళ్ళయి ఉండాలి. పది మంది ఒకే రంగు టీషర్టులు వేసుకుని వెళితే ఏదో ఆక్రమణలా ఉంటుంది. కోతలప్పుడు, మందు కొట్టేటప్పుడు వెళ్ళకండి. మొత్తం 300 కిలోమీటర్ల మ్యాప్ ఆయనకెందుకు, ఆయన పొలం ఒక్కటి పెద్దగా గీసిన కాగితం తీసుకెళ్ళండి. దారి వెడల్పు ఎంత, ఏ నెలల్లో మూసేస్తారు, చెత్త ఎవరు ఎత్తుతారు, గొడవ వస్తే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి, వద్దంటే ఎన్ని రోజుల్లో గుర్తులు చెరిపేసి వెళ్ళిపోతారు, ఇవి ఆయన అడగకముందే మీరే చెప్పండి. ఆఖరిది మరీ ముఖ్యం. చాలామందికి అసలు భయం, ఇవాళ నడవనిస్తే రేపు ఇది మా హక్కు అంటారేమోనని. ఆ భయం న్యాయమైనదే. ఎప్పుడైనా రద్దు చేసుకునే అనుమతి అని కాగితం మీద రాసి ఇస్తే సగం బరువు దిగుతుంది. రెండో భయం, ఎవడో జారిపడి కేసు వేస్తాడేమోనని. అమెరికాలో అయితే అన్ని రాష్ట్రాల్లోనూ, డబ్బు తీసుకోకుండా నడవనిచ్చిన యజమాని బాధ్యతను పరిమితం చేసే చట్టాలున్నాయి. మీ దగ్గర చట్టం ఏమంటుందో ఒక లాయర్‌తో గంటసేపు కూర్చుని తెలుసుకోండి, బృందం పేరు మీద బీమా తీసుకోండి, ఆ కాగితం నకలు యజమానికి ఇవ్వండి.

ఇక నోటిమాట అనుమతి. అది తుమ్మితే ఊడిపోయే ముక్కు. కెనడాలో నయాగరా కొండగట్టు వెంబడి సుమారు 900 కిలోమీటర్లు సాగే బ్రూస్ ట్రెయిల్ ఉంది, 1960లో ఆలోచన పుట్టి 1967లో తెరుచుకుంది. తొలినాళ్ళలో యజమానులతో ఒప్పందాలు చాలావరకు చేతులు కలిపి సరే అనుకున్నవే. మొదలుపెట్టడానికి అది మంచిదే, కాగితాలు చూస్తే బెదిరిపోయేవాళ్ళు ఉంటారు. కానీ భూమి చేతులు మారితే కొత్త యజమానికి ఆ మాటతో సంబంధం ఉండదు, దారి తీసుకెళ్ళి రోడ్డు పక్కన పెట్టుకోవాల్సిందే. అందుకే ఆ ట్రెయిల్ సంస్థ తర్వాత తర్వాత భూమి కొని కాపాడే పని కూడా నెత్తికెత్తుకుంది. మీరు కొనక్కర్లేదు, మాటతో మొదలుపెట్టి ఏడాది తిరిగేలోపు కాగితానికి, కాగితం నుంచి వీలైతే రిజిస్టరయిన నడక హక్కుకు వెళ్ళేలా చూసుకోండి.

ఎంత చెప్పినా కాదన్నవాళ్ళను వదిలెయ్యండి. రెండు కిలోమీటర్లు రోడ్డు మీద నడిస్తే ఏమీ కాదు, పెద్ద పెద్ద ట్రెయిల్స్‌లోనే రోడ్డు నడకలున్నాయి. ఆయన పేరు సోషల్ మీడియాలో మాత్రం పెట్టకండి. పెడితే ఆయనతోపాటు పక్క పది మందీ పోతారు.

ప్రశ్న: మొదటి ఆదివారం పనికి నలభై మంది వచ్చారు, బోలెడు ఫొటోలు. నాలుగో ఆదివారానికి ఆరుగురం మిగిలాం. జనాన్ని ఎలా నిలుపుకోవాలి?

ఆ ఆరుగురినీ జాగ్రత్తగా చూసుకోండి, మీ ట్రెయిల్ వాళ్ళ చేతుల్లోనే ఉంది. మిగతా ముప్పై నలుగురిదీ ఆరంభశూరత్వం అని కొట్టిపారేసే ముందు ఒకటి అడుగుతాను, ఆ రోజు ఎన్ని పారలున్నాయి? పది ఉండుంటే ముప్పై మంది నిలబడి చూసి ఉంటారు. నిలబడి చూసినవాడు మళ్ళీ ఎందుకొస్తాడు?

ఏడెనిమిది మందికి ఒక పెద్ద ఉండాలి. ఆయన పొద్దున్నే అందరికంటే ముందు ఆ ముక్క నడిచి, ఇక్కడ తవ్వకం, అక్కడ కొమ్మలు, అదిగో ఆ రాయి దొర్లించాలి అని రిబ్బన్లు కట్టి పెట్టుకోవాలి. ఒకరి పార ఇంకొకరికి తగలనంత ఎడం ఉండాలి. వచ్చినవాళ్ళకు పని పేరు చెబితే సరిపోదు, ఎందుకో కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపేస్తామంటే ఒంటిగంటకు ఆపెయ్యాలి, ‘ఇంకో పది నిమిషాలు’ అంటూ మూడింటిదాకా లాగే పెద్దల వల్ల ఎన్ని బృందాలు ఖాళీ అయ్యాయో! పొద్దున లేనిది ఏదో ఒకటి ఇంటికి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కనబడాలి. మూడు రాతిమెట్లయినా సరే. నలభై మీటర్లు సగం సగం తవ్వి వదిలేయడం కంటే నాలుగు మీటర్లు పూర్తిచేస్తే మనుషులు మళ్ళీ వస్తారు. మోటారు రంపం మాత్రం శిక్షణ ఉన్నవాళ్ళ చేతికే, మొహమాటాలు వద్దు. ప్రథమ చికిత్స తెలిసినవాళ్ళు ఒకరు లేకుండా పని మొదలుపెట్టొద్దు.

ఇక ఆదివారం జాతరలతో దారి నిలబడదు. దారిని మూడేసి, ఐదేసి కిలోమీటర్లుగా కోసి ఒక్కో ముక్క ఒక్కో జంటకో, కుటుంబానికో, కాలేజీకో అప్పగించండి. ఏడాదికి నాలుగుసార్లు నడవాలి, కొమ్మలు కొట్టాలి, గుర్తులు చూడాలి, పడిపోయిన చెట్టుంటే ఫోన్ చెయ్యాలి, అంతే. ‘మా ముక్క’ అనిపించాక మనిషి మారిపోతాడు. మీరు పిలవకుండానే గాలివాన మర్నాడు వెళ్ళి చూసొస్తాడు. అపలాచియన్ ట్రెయిల్‌ను ఇప్పటికీ చూసుకునేది అలాంటి వాళ్ళే. దాదాపు 3,500 కిలోమీటర్లను ముప్పై దాకా క్లబ్బులు పంచుకున్నాయి, వాలంటీర్లు ఏటా సుమారు 2 లక్షల గంటలు పనిచేస్తారు. అక్కడ కంప కొట్టే కొలత కూడా తేలిగ్గా గుర్తుంటుంది, వెడల్పు 4 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మనిషి ఆరడుగులే కదా, ఎనిమిదెందుకు అంటారేమో, వీపు మీది సంచి తలపైకి వస్తుంది, వానకు తడిసి బరువెక్కిన కొమ్మ రెండడుగులు కిందికి వంగుతుంది. కొమ్మను సగంలో నరికి మొన వదలకండి, అది కంటి ఎత్తులో ఈటెలా ఉంటుంది, మాను దగ్గరికి కొయ్యండి. కోసినవి దారికి కింది వైపు కనబడకుండా వెయ్యండి. పైవైపు వేస్తే మొదటి వానకే తిరిగి మీ దారిలోకి వస్తాయి.

ప్రశ్న: కొండ వాలు మీద ఎంతో కష్టపడి దారి తవ్వాం. రెండు వానలకే నడిమధ్య కాలువలా కోసేసింది. సిమెంటు వేయించాలా?

వద్దండీ, సిమెంటు కింద నుంచి కూడా కోస్తుంది. నీరు పల్లమెరుగు అన్న సామెత ఎంత పాతదైనా, కొండ మీద పార పట్టిన ప్రతివాడూ అది మళ్ళీ సొంతంగా నేర్చుకోవాల్సిందే, నేనూ అంతే. మొదటిసారి మేం శిఖరానికి దగ్గరదారి అని నిట్టనిలువుగా రెండు వందల మీటర్లు తవ్వాం. నాలుగు వారాంతాల పని. ఒక రాత్రి కుండపోత పడింది, పొద్దున వెళ్ళి చూస్తే మేం కట్టిన మెట్లన్నీ కింద ఒక గుట్ట.

నీళ్ళకు దారి నచ్చకుండా చెయ్యాలి, సంగతంతా అదే. కొండ వాలు ఎంతుందో చూడండి, అందులో సగం కంటే ఎక్కువ వాలు మీ దారికి ఉండకూడదు. కొండ వంద మీటర్లకు 30 మీటర్లు లేస్తుంటే దారి 15 మించొద్దు. మించితే పైనుంచి వచ్చే నీళ్ళు దారిని అడ్డంగా దాటి పోకుండా దారి వెంబడే పరుగెత్తుతాయి. సగటున వందకు పది దాటకుండా చూసుకుంటే ఇంకా మేలు, మీ తుంటికీ మేలు. అందుకే మంచి కొండదారి నేరుగా ఎక్కదు, కొండను పక్కనుంచి చుట్టుకుంటూ పోతుంది, దూరం పెరుగుతుంది, పెరగనివ్వండి.

రెండోది, దారి బయటి అంచు లోపలి అంచు కంటే కొద్దిగా కిందికి ఉండాలి. మీటరు వెడల్పుకు ఐదు సెంటీమీటర్లు చాలు, నడిచేవాడికి తెలియను కూడా తెలియదు. సీసాలో నీళ్ళు తీసుకెళ్ళి లోపలి అంచున పొయ్యండి. నీళ్ళు అడ్డంగా జారి బయటి అంచు దాటి కిందికి పోతే దారి బాగున్నట్టు, అంచు దగ్గర ఆగి మీ బూట్ల వైపు తిరిగితే అక్కడ మట్టి గట్టు కట్టిందన్నమాట, పార తీసి చెక్కెయ్యండి. మూడోది, ఎక్కే దారిని మధ్యమధ్యలో నాలుగు అంగల దూరం కొద్దిగా కిందికి దింపి మళ్ళీ ఎక్కించాలి. ఆ చిన్న పల్లం దగ్గర నీళ్ళకు బయటికి పోక తప్పదు.

ఇప్పటికే వేసేసిన దారికి ఏటవాలుగా దుంగలో రాళ్ళో పాతి నీళ్ళను పక్కకు మళ్ళించొచ్చు. అయితే దాని వెనక ఆకులు, ఒండ్రు నిండుతాయి, ఏటా రెండుసార్లు తోడకపోతే నీళ్ళు దాని నెత్తి మీదుగా దూకుతాయి. మీరు చెప్పినదాన్నిబట్టి చూస్తే మీ దారిని బాగుచెయ్యడం కంటే కొత్తగా పక్కనుంచి తిప్పి, పాతదాన్ని కంప వేసి మూసెయ్యడమే నయం. బాధగానే ఉంటుంది. ఈసారి తవ్వేముందు మాత్రం జోరున వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఒకసారి ఆ వాలు మీద తిరిగి రండి, ఏ పుస్తకమూ చెప్పనిది అరగంటలో తెలుస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లో జీపీఎస్ ఉన్న రోజుల్లో రంగు గుర్తులు, బోర్డులు అవసరమా?

అవసరమే. ఫోన్ తడుస్తుంది, చార్జింగ్ అయిపోతుంది, లోయలో సిగ్నల్ ఉండదు. జర్మనీలో 1900లో వేసిన వెస్ట్‌వెగ్‌కు ఎర్ర డైమండ్, ఫ్రాన్సు దూరపు బాటలకు తెలుపు ఎరుపు పట్టీలు, అపలాచియన్‌కు 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు తెల్ల పట్టీ. ఒకదానిపైన ఒకటి రెండు పట్టీలుంటే మలుపు ఉంది, చూసుకో అని అర్థం. స్పెయిన్‌లో సాంటియాగో యాత్రా మార్గాన్ని 1980లలో మళ్ళీ నడిపించిన ఎలియాస్ వలీన్యా అనే పల్లె చర్చి ఫాదర్ పసుపు రంగు డబ్బా, బ్రష్ పట్టుకుని బాణాలు వేసుకుంటూ పోయారు, ఇవాళ ఆ పసుపు బాణం ప్రపంచమంతా తెలుసు. ఒకే రంగు, ఒకే కొలత, రెండు వైపుల నుంచీ కనబడేలా. వేశాక ఆ దారి తెలియని మనిషిని పంపి, మీరు వెనక నడవండి, నోరు మెదపకండి. ఆయన ఎక్కడ ఆగి తల గోక్కుంటాడో అక్కడ ఇంకో గుర్తు.

ప్రశ్న: ఇదంతా ప్రభుత్వం చెయ్యాల్సిన పని కాదా? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కొంత ప్రభుత్వమే చెయ్యాలి, మీరు చెయ్యలేరు కూడా. భూమి, చట్టం వాళ్ళ చేతుల్లో ఉంటాయి. కాకపోతే ఎవరూ నడవని గీతకు ఏ ప్రభుత్వమూ చట్టం చెయ్యదు. బ్రిటన్‌లో 1949లో చట్టం వచ్చాకే పెన్నైన్ వేకు అధికారికంగా మార్గం సుగమమైంది, ఆ చట్టం కోసం నడిచేవాళ్ళ సంఘాలు ఏళ్ళ తరబడి అడిగాయి. అమెరికాలో జాతీయ ట్రెయిల్స్ చట్టం వచ్చింది 1968లో, అప్పటికి అపలాచియన్ ట్రెయిల్‌ను వాలంటీర్లు ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నారు. చట్టం వచ్చాక ప్రభుత్వం భూములు కొంటూ పోయింది, ఇప్పుడు ఆ దారిలో 99 శాతానికి పైగా రక్షణలో ఉన్న భూమి మీదే ఉంది. పార పట్టే పని మాత్రం ఇప్పటికీ క్లబ్బులదే. నాకు తెలిసి ఇంతకంటే మంచి పంపకం లేదు.

అందుకని అధికారుల దగ్గరికి డబ్బు కోసం కంటే ముందు అనుమతి కోసం వెళ్ళండి, ముఖ్యంగా అడవి విషయంలో. అనుమతి లేకుండా అడవిలో కొమ్మ నరికినా నేరం కావచ్చు, పైగా పక్షులు గూళ్ళు పెట్టే కాలం, జంతువులు నీళ్ళకు దిగే చోటు మీకంటే వాళ్ళకే బాగా తెలుసు. దారి కాస్త అటు జరపమంటే జరపండి.

డబ్బు సంగతికొస్తే, ఖర్చు పెట్టించేవి వంతెనలు. పనిముట్లు, రంగు, బీమా, మ్యాపుల ముద్రణ, ఇవి సభ్యత్వ రుసుముతో, చిన్న చిన్న విరాళాలతో నెట్టుకురావచ్చు. వంతెన కట్టారంటే దాన్ని ఏటా చూసుకోవాలి, ఎప్పటికో ఒకప్పుడు మళ్ళీ కట్టాలి. వాగును రాళ్ళ మీద దాటగలిగే చోటికి దారిని తిప్పగలిగితే తిప్పెయ్యండి. వచ్చిన ప్రతి విరాళంలో కొంత ‘బాగుచేత’ అని విడిగా పెట్టండి. కొత్త దారికి డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, రిబ్బను కోసే సరదా ఉంటుంది కాబట్టి. ఆరేళ్ళ కిందటి దారిలో ఒండ్రు తోడడానికి ఎవరిస్తారు?

ప్రశ్న: దారి బాగా పేరు తెచ్చుకుంటే జనం ఎగబడి అదే పాడైపోదా?

పాడవుతుంది. పెన్నైన్ వేలో అదే జరిగింది. దాని దారిలో పీట్ అనే మెత్తటి నల్లటి నేల చాలా ఉంది, వేల కాళ్ళు పడి అది బురదమడుగైంది, బురదను తప్పించుకోవడానికి జనం పక్కనుంచి నడిచారు, ఆ పక్కా బురదైంది, అలా దారి పదుల అడుగుల వెడల్పుకు పాకింది. చివరికి మూతపడ్డ పాత నూలుమిల్లుల రాతి పలకలను హెలికాప్టర్లతో మోసుకెళ్ళి పరిచారు. మొదట్లో కొందరు పెదవి విరిచారు, కొండ మీద ఫుట్‌పాత్ ఏమిటని. పలకల పక్కన గడ్డి మళ్ళీ మొలిచింది మరి.

బురద ఉన్నచోట మొదటి ఏడే రాళ్ళో చెక్కలో వేసి పెట్టండి, జనం పక్కకు దిగకముందే. కాలకృత్యాల గురించి మొదటి బోర్డు మీదే మొహమాటం లేకుండా రాయండి. నీళ్ళకు 60 మీటర్ల దూరం, జానెడు లోతు గుంట, మట్టితో పూడ్చాలి. ఇది రాయని ట్రెయిల్ పక్కన ఏముంటుందో నేను వర్ణించను. మోటారు సైకిళ్ళు వచ్చే చోట్ల మనిషి మాత్రమే పట్టే సన్నని వంకర గేటు పెట్టండి. గుడారాలు ఎక్కడ వేసుకోవచ్చో మీరే చూపించండి, చూపించకపోతే వాళ్ళే ఎక్కడో ఒకచోట చూసుకుంటారు, అది కచ్చితంగా ఆ పెద్దాయన పొలం గట్టే అయి ఉంటుంది.

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. నాలాంటిదాన్ని ఈ పనిలోకి ఎవరు రానిస్తారు? మా అబ్బాయి నవ్వుతున్నాడు.

నవ్వనివ్వండమ్మా. ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 1955లో, 67వ ఏట, పదకొండు మంది పిల్లల తల్లి, కాన్వాస్ బూట్లు వేసుకుని, చేత్తో కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని అపలాచియన్ ట్రెయిల్ మొత్తం ఒంటరిగా నడిచారు. నాకు ఆవిడ నడకకంటే ఎక్కువ నచ్చేది ఇంకోటుంది. పత్రికలవాళ్ళు చుట్టూ మూగితే, పొగడ్తలకు మురిసిపోకుండా, దారి అధ్వాన్నంగా ఉంది, గుర్తులు చెరిగిపోయాయి, చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి అని కడిగేశారు. బాగుచేసేవాళ్ళలో కదలిక రావడానికి ఆ మాటలు పనికొచ్చాయి.

మీరు అంత నడవక్కర్లేదు. ట్రెయిల్ పనిలో సగం కొండ మీద జరగదు. యజమానులకు ఏడాదికోసారి ఫోన్ చేసి బాగున్నారా, గేటు బాగుందా అని అడిగేవాళ్ళు కావాలి, కుర్రాళ్ళు ఆ ఫోన్ చెయ్యరు, చేసినా రెండు నిమిషాల్లో పెట్టేస్తారు. లెక్కలు రాసేవాళ్ళు కావాలి, నడిచేవాళ్ళను ఒక చివర దింపి ఇంకో చివర ఎక్కించుకొచ్చే డ్రైవర్ కావాలి. మా రంపాలకు పదును పెట్టే ఆయన కొండెక్కి చాలా ఏళ్ళయింది. శనివారం సాయంత్రం మొద్దుబారినవి ఆయన ఇంటికి చేరతాయి, ఆదివారం తెల్లారేసరికి పాతగుడ్డ చుట్టి గుమ్మం పక్కన ఉంటాయి, ఏ రంపాన్ని ఎవరు రాయికేసి కొట్టారో చీటీ కూడా ఉంటుంది. మీకు దగ్గర్లో ఉన్న బృందానికి ఫోన్ చెయ్యండి, మోకాళ్ళ సంగతి ముందే చెప్పెయ్యండి. అబ్బాయిని కూడా తీసుకెళ్ళండి, అతనికి పార ఇవ్వమని చెప్పండి.